ఎథిక్స్ కమిటీలో కొత్తగా కూర్చోబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

మనుషుల మీద, జంతువుల మీద చేసే ప్రయోగాలకు అనుమతిచ్చే కమిటీలో మొదటి మీటింగ్ అంటే టెన్షన్‌గా ఉందని రాశావు. ఉండాలమ్మా. నువ్వు పెట్టే సంతకం నువ్వెప్పుడూ చూడని మనిషి ఒంటిదాకా వెళ్తుంది.

ఫైలు చేతికి రాగానే ప్రయోగానికి ఒప్పుకుంటూ రోగి సంతకం పెట్టే సమ్మతి పత్రం తీసి పైకి చదువు. నీ నోరు తిరగని చోట గీత పెట్టు, రోగి ఆగిపోయేదీ అక్కడే. మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆగదని రాశారా? హాని జరిగితే ఖర్చు ఎవరిది? ఇప్పటికే వేరే మందు ఉంటే ఆ సంగతి చెప్పారా? ఈ చివరిదాన్ని అస్సలు వదలకు. అమెరికాలో టస్కెగీ అధ్యయనం 1932 నుంచి 1972 దాకా సాగింది. సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి పురుషులకు వాళ్ల జబ్బేమిటో చెప్పలేదు, దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. నలభై ఏళ్లు! తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు రగిలిపోతుంది.

"జంతువుల్లో ఏ ఇబ్బందీ రాలేదు" అన్న వాక్యం ప్రతి ఫైల్లోనూ ఉంటుంది. దానితో తృప్తిపడకు. 2006లో లండన్‌లో టీజీఎన్ 1412 అనే మందును, కోతులకు హాని చేయని డోసులో 500వ వంతే, ఆరోగ్యంగా ఉన్న ఆరుగురికి నిమిషాల తేడాతో ఇచ్చారు. ఆరుగురికీ అవయవాలు దెబ్బతిన్నాయి. అదృష్టం కొద్దీ ప్రాణాలతో బయటపడ్డారు. మొదటి మనిషికి ఇచ్చి ఒక్కరోజు ఆగితే మిగతా ఐదుగురికి ఆ గతి పట్టేది కాదు. కాబట్టి మనుషులకు తొలిసారి ఇచ్చే మందైతే, ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఎంత సమయం వదులుతారో అడుగు.

జంతువుల ఫైళ్లు మీటింగ్ చివర్లో, అందరూ అలిసిపోయాక వస్తాయి. నేను తప్పు చేసిందీ అక్కడే. ఒక ప్రయోగంలో ఎలుకల సంఖ్య బాగా తక్కువగా కనిపిస్తే మంచిదే కదా అని సరేనన్నాను. అంత తక్కువ ఎలుకలతో ఏమీ తేలలేదు, మళ్లీ మొదటినుంచి చేశారు. మొదటి ఎలుకలన్నీ ఊరికే చచ్చిపోయాయి. రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1959లో జంతువుల సంఖ్య తగ్గించమన్నది నిజమే, కానీ జవాబు దొరకనంతగా కాదు. ఆ సంఖ్య ఎలా వచ్చిందో లెక్క చూపించమను. బాధ ఎంతదాకా వస్తే ఆపేస్తారో, సెలవురోజు వాటిని చూసేదెవరో కాగితం మీద రాయించు.

ఫైళ్ల వివరాలు నాకు చెప్పకు, అవి గోప్యం. అడగాలనిపించి కూడా నోరు మెదపలేకపోయిన చోటు ఏదైనా ఉంటే, అది మాత్రం రాయి.