ఐదో మాట చెప్పబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

ప్రభువు నామంలో వందనాలు. గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఐదోది, "దప్పిగొనుచున్నాను" అన్నది, నీకిచ్చారని రాశావు. సంతోషం. నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను, రెండోసారి పైకి చదివాను. ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. నీకిచ్చింది పదిహేను.

ఉత్తరం చివర "నేను పాస్టర్ని కాను, వాక్యం చెప్పే అర్హత నాకుందా?" అని అడిగావు. ముందు దానికి జవాబు చెప్తాను. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన అజరయ్య గారు పనిచేసింది మీ డోర్నకల్‌లోనే. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేతులు వాళ్ళ తలల మీదే పెట్టించి, "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అన్న పౌలు మాటను వాళ్ళ నోట పలికించేవారాయన. అక్షరం రాని కూలీల చేత కూడా. అర్హత సంగతి అక్కడే తేలిపోయింది, నువ్విక దాని గురించి బెంగపడకు.

ప్రకటించడం అనే మాటకు కొత్త నిబంధన గ్రీకులో వాడిన మాటల్లో ఒకటి చాటింపు వేసేవాడి పనిని చెప్పేది. మన పల్లెల్లో డప్పు కొట్టి దండోరా వేసిన మనిషిని తల్చుకో. మన సంఘాల్లో ఎన్నో ఇళ్ళ తాతలు ఆ డప్పు భుజాన మోసినవాళ్ళే. ఇచ్చిన మాటను మార్చే హక్కు ఆయనకు లేదు. ఏ వాడలోకి వెళ్తే ఆ వాడ మొత్తానికీ వినపడేలా చెప్పకుండా ఇంటికి పోయే హక్కూ లేదు. వాక్యం చెప్పడమంటే నాకు ఈ వయసుకీ అదే.

నీ కాగితాల్లో ఈ రెండు నియమాలూ తప్పాయి. "దప్పిగొనుచున్నాను" అని చదివి, ఆ వెంటనే "ఇది ఆత్మల కోసం కలిగిన దాహం" అని దాటేశావు. ఆపైన పద్నాలుగు వచనాలు వరసగా పేర్చావు. సువార్త రాసిన యోహాను అంత తొందరపడలేదు. ఈ మాట నాలుగు సువార్తల్లో ఆయన ఒక్కడే రాశాడు, గ్రీకులో అది ఒకే ఒక్క పదం. పక్కన చిరక, అంటే పులిసిన ద్రాక్షారసం, ఉన్న పాత్ర ఉంది, స్పంజీ ఉంది, హిస్సోపు మొక్క పుడక ఉంది. అన్నీ చేత్తో ముట్టుకోగలిగినవే. యేసుకు రాత్రంతా నిద్ర లేదు, కొరడా దెబ్బలకు నెత్తురు పోయింది, సిలువ మీద వేలాడుతున్నాడు. ఆయన గొంతు ఎండిపోయింది. అక్కడ ఆగు. దేవుని కుమారుడికి నిజంగా దాహం వేసిందన్న సంగతి దగ్గర సంఘాన్ని కాసేపు ఉండనివ్వు. ఆత్మల దాహం గురించి చెప్పొద్దనను. ఈ దాహాన్ని దాటేసి మాత్రం అక్కడికి వెళ్ళొద్దు.

వెళ్ళడానికి దారి కూడా యోహానే వేసిపెట్టాడు. నాలుగో అధ్యాయంలో బావి దగ్గర ఇదే మనిషి సమరయ స్త్రీని "నాకు దాహమునకిమ్ము" అని అడిగాడు. ఆమె నివ్వెరపోయింది. యూదులు సమరయులతో సాంగత్యము చేయరు మరి. ఈ కథకు మన సంఘాల్లో వేరే అర్థం చెప్పనక్కర్లేదు. ఊరి బావి గట్టెక్కనివ్వకపోతే, ఎవరైనా చేదిపోస్తారేమోనని కుండ పట్టుకుని దూరంగా నిలబడ్డ తల్లుల బిడ్డలు నీ ఎదురుగా కూర్చుంటారు. వాళ్ళకు దాహం గురించి నువ్వు నేర్పేదేమీ లేదు. సిలువ మీద నీళ్ళడిగినవాడు వాళ్ళ వరసలోనే నిలబడ్డాడని చెప్పగలిగితే చాలు. నీ పద్నాలుగు వచనాల్లో ఈ బావి లేకపోవడం నన్ను బాధపెట్టింది తమ్ముడూ.

ఇక భాష. వచనం చదివేటప్పుడు గ్రాంథికమే చదువు, ఆ నాదం మన పెద్దవాళ్ళకు ప్రాణం. చదివాక మాత్రం మీ ఊరి మాటలో చెప్పు. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో లేవీయులు చేసింది అదే, గ్రంథం స్పష్టంగా చదివి, జనం గ్రహించేలా అర్థం చెప్పారు. మీ దగ్గర దప్పిక అనరు, దూప అంటారు. "దూపైతాంది" అని ఒక్కసారి అను, వెనక వరసలో ముసలమ్మ తలెత్తుతుంది. నువ్వు రాసుకున్న "పిపాసాగ్ని" కొట్టెయ్. రాస్తున్నప్పుడే ప్రతి వాక్యాన్నీ పైకి అనుకో. ఊపిరి ఆడని వాక్యాన్ని రెండు చెయ్.

మూడో పేజీలో మీ వీధిలోని ఒక ఇంటి సంగతి పేరు లేకుండా రాశావు. తీసెయ్. పేరు లేకపోయినా ఊరందరికీ తెలుస్తుంది. నా ముప్పయ్యో ఏట నేనీ తప్పు చేశాను. ప్రార్థన కోసం నాతో చెప్పుకున్న ఒక అక్క కష్టాన్ని ఉదాహరణగా వాడాను. నేను ముగించేలోగా ఆమె కొంగు తలమీద కప్పుకుని బయటికి వెళ్ళిపోయింది. తర్వాత వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగాను. క్షమించింది కూడా. కానీ మళ్ళీ ఎప్పుడూ ఏ కష్టమూ నాతో చెప్పుకోలేదు.

మట్టల ఆదివారానికి ముందే తిరగరాసి పంపు, మళ్ళీ పైకి చదువుతాను.

ఇంకొకటి. ఆ రోజు పుల్పిట్ మీద నీకు నీళ్ళ గ్లాసు పెడతారు. ఎదురుగా ఉన్నవాళ్ళలో చాలామంది పొద్దుటినుంచి ఉపవాసంతో ఉంటారు, బయట ఎండ మండిపోతుంటుంది. ఆ పదిహేను నిమిషాలూ గ్లాసు ముట్టుకోకు.

ప్రభువునందు,
నీ అన్న