టెన్సులు పక్కన పెట్టండి, వాళ్ల కౌంటర్ దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: హన్మకొండల మా కాలనీ ఆడవాళ్లకు రోజూ సాయంత్రం గంట సేపు ఇంగ్లీష్ చెప్పుదామనుకుంటున్న. అందరూ తెలుగు మీడియంల పదో తరగతి దాకా చదివినోళ్లే. గ్రామర్ ఎక్కడ నుంచి మొదలుపెట్టాలె? ముప్పై రోజులల్ల మాట్లాడగలుగుతరా?

జవాబు:

గ్రామర్‌తోని మొదలుపెట్టకండి. మొదటి రోజు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడగండి: మీతో ఇంగ్లీషులో ఎవరు మాట్లాడుతరు? ఎక్కడ మాట్లాడుతరు? ఏం అడుగుతరు? ఒకామెకు బిడ్డ చదివే బడిలో టీచరమ్మ ఉంటది. ఇంకొకామెకు దుకాణానికి వచ్చే నిట్ ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ల కుటుంబాలు. మరొకామె దవాఖానలో రిసెప్షన్ దగ్గర కూర్చుంటది, ఇన్సూరెన్స్ కంపెనీ ఫోన్లు ఆమెకే వస్తయి. వాళ్లు చెప్పిన జవాబులు నోట్‌బుక్కులో రాసుకోండి. అదే మీ సిలబస్, వేరే పుస్తకం కొనే అవసరం లేదు.

స్పోకెన్ ఇంగ్లీష్ అని పేరు పెట్టుకున్నందుకు మనమంతా నోటి మీదనే పడుతం. కష్టమంతా చెవి దగ్గర ఉంటది. ఎదుటి మనిషి ఏం అడిగిందో తెలిస్తే రెండు మాటలతోనైనా జవాబు చెప్పుకుంటరు. అడిగింది తెలియకపోతే వంద వాక్యాలు బట్టీ పట్టినా నోరు పెగలదు. అందుకే మొదటి రెండు వారాల్లో సగం సమయం వినడానికే ఇవ్వండి.

ముప్పై రోజుల సంగతి. నయీంనగర్ నుంచి సుబేదారి దాకా కోచింగ్ సందుల్లో ‘ముప్పై రోజుల్లో ఇంగ్లీష్’ అన్న బోర్డులు మీరూ చూసే ఉంటరు. యూరప్ కౌన్సిల్ 2001లో ప్రకటించిన భాషా స్థాయిల్లో ఏ1 మొదటి మెట్టు, ఏ2 రెండోది. ఏమీ రాని మనిషి ఏ2 దాకా రావాలంటే పాఠం గంటలు సుమారు 180 నుంచి 200 పడతయని కేంబ్రిడ్జ్ పరీక్షలవాళ్ల లెక్క. రోజుకు గంట చొప్పున నెల అంటే 30 గంటలే. ఆ 30 గంటల్లో ఒక్క చోట, ఒక్క పని ఇంగ్లీషులో నడుపుకునేటట్టు చెయ్యొచ్చు. ఇంగ్లీష్ మొత్తం మాట్లాడిస్తమని ఎవరన్న చెప్తే నమ్మకండి, మీరూ అట్లాంటి మాట ఇవ్వకండి. నెల తిరిగేసరికి మాట్లాడలేకపోయిన మనిషి ‘నాకే తెలివి లేదు’ అనుకొని మానేస్తది. మళ్లీ ఏ క్లాసుకూ రాదు.

ఒక పాఠం ఎట్ల నడవాలో చెప్తా. చౌరస్తా దగ్గర మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేసే ఒకామెను తీసుకోండి. తెలుగు రాని కస్టమర్ చీర పట్టుకొని వచ్చి, ‘డు యు హ్యావ్ ఎ మ్యాచింగ్ బ్లౌజ్ పీస్ ఫర్ దిస్?’ అంటది. మ్యాచింగ్, బ్లౌజ్, పీస్, మూడూ ఈమెకు రోజూ నోట్లో నలిగే మాటలే. అయినా అర్థం కాదు. ఎందుకంటే ముందున్న నాలుగు మాటలు ఆ కస్టమర్ నోట్లో ‘డ్యుహ్యావె’ అని ఒకే ముక్కగా వస్తయి. ఆ ముక్క దగ్గరనే ఈమెకు గాబరా పుడతది, వెనక వచ్చిన తెలిసిన మాటలు కూడా చెవిన పడవు.

బల్ల మీద ఒక చీర, నాలుగైదు బ్లౌజ్ ముక్కలు, లైనింగ్ గుడ్డ, ఒక ఫాల్, కొలత టేపు, కాలిక్యులేటర్ పెట్టండి. నిజమైన వస్తువులే కావాలె, బొమ్మలు పనికిరావు. మొదటి పదిహేను నిమిషాలు ఆమె నోరు తెరవొద్దు. మీరే కస్టమర్. ‘షో మి ద గ్రీన్ వన్’ అంటరు, ఆమె తీసి చూపాలె. ‘నాట్ దిస్ వన్, ఎ లిటిల్ డార్కర్’ అంటరు, మార్చాలె. ‘వన్ మీటర్, ప్లీజ్’ అంటరు, కొలవాలె. తప్పు తీస్తే తెలుగులో చెప్పకండి, అదే మాట మళ్లీ అనండి. ముందు చేతులతో జవాబు చెప్పించే ఈ పద్ధతిని జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో ప్రచారంలోకి తెచ్చిండు. పెద్దవాళ్లకు ఇది చాలా బాగా పనిచేస్తది, ఎందుకంటే నోరు తెరిస్తే నవ్వుతరేమో అన్న భయం ఉండదు.

తర్వాత ఆమెతోని ప్రశ్నలు అడిగించండి, కానీ ‘ఆర్’ పెట్టి అడిగే ప్రశ్నలే. ‘లైట్ ఆర్ డార్క్?’ ‘కాటన్ ఆర్ సిల్క్?’ ‘ఎయిటీ సెంటీమీటర్స్ ఆర్ వన్ మీటర్?’ ఇక్కడ డు, డజ్ అక్కర లేదు, మాటల వరుస తిప్పే పని లేదు, మర్యాదకు లోటు లేదు. అన్నింటికన్న పెద్ద లాభం, ఎదుటి మనిషి జవాబు ఆ రెండిట్ల ఒకటే అయితది గనుక చెవి ముందే సిద్ధంగా ఉంటది. ‘వాట్ డు యు వాంట్?’ అని అడిగితే కస్టమర్ ఏదైనా అనొచ్చు. ఆ ప్రశ్న నేర్పడానికి తొందర లేదు, రెండో నెలలో చూడండి.

మూడో భాగంలో ఆమె సొంతంగా చెప్పాల్సిన వాక్యాలు, ఐదారుకు మించొద్దు. ‘దిస్ ఈజ్ వన్ ట్వంటీ ఎ మీటర్.’ ‘వాష్ ఇట్ సెపరేట్లీ.’ కాటన్ లైనింగ్ కుట్టకముందు నీళ్లలో నానబెట్టకపోతే తర్వాత గుంజుకుపోతది, ఆ సంగతి ఆమెకు మనకన్న బాగా తెలుసు. దానికి ‘సోక్ ద లైనింగ్ ఫస్ట్’ చాలు. ‘ఫాల్ అండ్ పీకో, రెడీ టుమారో ఈవినింగ్.’ ఇందులో క్రియ లేదని దిద్దకండి. కస్టమర్‌కు అర్థమైంది, పని అయింది.

చివరి పది నిమిషాలు మీరు అనుకోనిది ఒకటి అడగండి. ‘కెన్ ఐ పే బై కార్డ్?’ అనో, ‘ఈజ్ ద టైలర్ హియర్?’ అనో. ఆమెకు అర్థం కాదు, కావొద్దు కూడా. అప్పుడు పట్టుకోవడానికి నాలుగు మాటలు మొదటి రోజే ఇచ్చి ఉండాలె: ‘సారీ, స్లోలీ ప్లీజ్’, ‘వన్ మోర్ టైమ్’, వేలు పెట్టి చూపిస్తూ ‘దిస్ వన్?’, ఇంకా ‘వన్ మినిట్, ఐ విల్ ఆస్క్’. యూరప్ కౌన్సిల్ ఏ1 మెట్టు గురించి రాసిన దాంట్లోనే ఉంది, ఎదుటి మనిషి నిదానంగా, స్పష్టంగా మాట్లాడి సాయం చేస్తే మాట్లాడగలగాలె అని. ఆ సాయం అడగడం ఆ స్థాయిలో ఒక భాగం. మన దగ్గర దాన్ని సిగ్గుపడే విషయం చేసి పెట్టిన్రు.

ఈ పాఠంలో తప్పకుండా దెబ్బ తగిలేది అంకెల దగ్గర. ఒకటిన్నర మీటర్‌ను మనవాళ్లు ‘వన్ హాఫ్ మీటర్’ అంటరు. వినేవాళ్లకు అది అర మీటర్. ‘వన్ అండ్ ఎ హాఫ్’ అని ఒకే ఊపిరిలో, టేపు మీద వేలు పెట్టి పది సార్లు అనిపించండి. ఇంకోటి ఫిఫ్టీన్, ఫిఫ్టీ. మొదటి దాంట్లో ‘టీన్’ మీద ఒత్తి సాగదీయాలె, రెండో దాంట్లో ఒత్తు ముందు ‘ఫిఫ్’ మీద పడాలె. ఇది నోటికి రావడానికి వారాలు పడతది. అందాక ‘వన్ ఫైవ్ ఆర్ ఫైవ్ జీరో?’ అని తిరిగి అడగడం అలవాటు చెయ్యండి. కాలిక్యులేటర్ మీద చూపిస్తే చూపించనియ్యండి, నోటితో కూడా అనాలె అన్నది ఒక్కటే షరతు. ఫోన్ నంబర్లలో డబుల్, ట్రిపుల్ వేరేగా వినిపించండి.

ఇక తెలుగు నుంచి వచ్చే తప్పులు. మన ‘మా దుకాణం చౌరస్తా దగ్గర’ అన్న వాక్యంలో క్రియే ఉండదు, అందుకే ‘మై షాప్ చౌరస్తా’ అంటరు. దీనికి ఈజ్, యామ్, ఆర్ పట్టిక ఇయ్యకండి. ‘ఐయామ్’, ‘ఇట్స్’, ‘దిస్ ఈజ్’ ఒక్కొక్కటి ఒకే మాటలాగ నేర్పండి. అయితే మూడో వారానికి ‘ఐయామ్ గో’, ‘ఐయామ్ వర్క్’ అని అంతటా అతికించుడు మొదలైతది. అది ముందుకు పోతున్న గుర్తే. అప్పుడు ఐ గో, ఐ వర్క్, ఐ కుక్ అని పొద్దటి నుంచి రాత్రి దాకా చేసే పనులు చెప్పించండి.

మరొకటి. మనకు ‘రోజూ ఆరింటికి లేస్తా’, ‘రేపు ఆరింటికి లేస్తా’ రెండింటికీ క్రియ ఒకటే. అందుకే ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్’ అని అందరూ అంటరు, డిగ్రీ చదివినోళ్లు కూడా. టెన్స్ చార్టు గోడకు అంటించినా ఇది పోదు, తప్పు తెలుగులో ఆలోచించే దగ్గర పుడుతున్నది కాబట్టి. ‘ఎవ్రీ డే’ అనగానే విల్ వద్దు, ‘టుమారో’ అనగానే విల్ కావాలె. ఈ రెండు మాటలే పిలుస్తూ, వాక్యం వాళ్లతో పూర్తి చేయించండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఏ, యాన్, ద ఎక్కడ పెట్టాలె అన్న పాఠం మాత్రం మొదటి మూడు నెలలు ముట్టుకోకండి. ‘గివ్ మి బిల్’ అంటే బిల్లు ఇయ్యని మనిషి లేడు.

ఉచ్చారణలో అన్నీ దిద్దితే మనిషి మూగబోతది. రెండే పట్టుకోండి. మాట చివర చేర్చే ఉకారం, బస్సు, బుక్కు, రోడ్డు అన్నట్టు. ముందు చేర్చే ఇకారం, ఇస్కూలు, ఇస్టేషన్ అన్నట్టు. ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అన్నా, ‘ఎగ్’ని ‘యెగ్’ అన్నా ఎవరికీ అర్థం కాకపోదు, వదిలేయండి.

నాకు కోపం వచ్చే విషయం ఇంకోటి ఉంది. నలభై ఏళ్ల మనిషికి ఎల్‌కేజీ పుస్తకం ఇచ్చి ‘ఏ ఫర్ యాపిల్’ రాయించుడు, నాలుగు గీతల కాపీ నింపించుడు. ఇల్లు నడిపి, చిట్టీలు కట్టి, సంఘం లెక్కలు రాసే మనిషిని మళ్లీ చిన్నపిల్లను చేస్తరు. 2022-23 నుంచి మన రాష్ట్ర సర్కారు బడులల్ల కూడా ఇంగ్లీష్ మీడియం వచ్చింది. పిల్లల డైరీలో వచ్చే రాత తల్లికి చదవరాకపోతే పిల్లలే చదివి చెప్తరు, వాళ్లకు కావాల్సినంతే చెప్తరు. కాబట్టి చదవడం నేర్పాలంటే ఆ డైరీలే తెప్పించండి. హాలిడే, ఫీజు, డ్యూ డేట్, సైన్, యూనిఫాం, ఆబ్సెంట్, మీటింగ్, ఈ ఏడు మాటలు చూడగానే గుర్తుపడితే సగం డైరీ అర్థమైతది. ఇంట్లో తల్లి మాట్లాడితే నవ్వొద్దని పిల్లలకు కూడా మీరే ఒక మాట చెప్పండి. చాలామంది మానేసేది ఇంట్లో నవ్వుల వల్లనే.

నోట్స్ తెలుగు అక్షరాల్లో రాసుకుంటమంటే మొదటి రెండు నెలలు రాసుకోనియ్యండి. వద్దన్న టీచర్లు చాలామంది ఉంటరు, నేను ఒప్పుకోను. కాకపోతే మాట మాటా విడదీసి రాస్తే అట్లనే విరిచి విరిచి పలుకుతరు. విన్నది విన్నట్టు ‘హౌమచ్చిజిట్’ అని కలిపి రాయించి, ఒత్తి పలికే చోట కింద గీత గీయించండి. అప్పుడు ఆ రాత చెవికి కూడా పనికొస్తది.

క్లాసు ఎనిమిది మందికి మించితే ఒక్కొక్కరికి మాట్లాడే సమయం ఐదు నిమిషాలు కూడా దొరకదు. పది మంది వస్తే రెండు బ్యాచులు చెయ్యండి, గంటకు బదులు నలభై నిమిషాలైనా నయం. కొత్త మాటలు రోజుకు ఎనిమిది చాలు. అవే మర్నాడు, మూడో రోజు, వారానికి మళ్లీ రావాలె. రాత్రి వంట అయినంక ఆ రోజు వాక్యాలు వాట్సాప్‌లో అర నిమిషం వాయిస్ పంపమనండి. గ్రూపులో వద్దు, మీకు ఒక్కరికే. మీరు తిరిగి పంపేటప్పుడు ఒక్క తప్పే దిద్ది, ఆ వాక్యం మీ గొంతుతోని రెండు సార్లు అనండి, ఒకసారి నిదానంగా, ఒకసారి మామూలు వేగంతో. ఆ మామూలు వేగంది మర్చిపోకండి, కౌంటర్ దగ్గర ఆమె వినాల్సింది అదే.

నెలాఖరుకు రాత పరీక్ష పెట్టకండి. తెలుగు రాని మనిషిని ఒకరిని పిలిపించండి. వరంగల్‌లో నిట్ ఉన్నది, వేరే రాష్ట్రాల పిల్లలు ఎంతమందో చదువుతున్నరు, అడిగితే ఒక అరగంట వచ్చిపోతరు. ఆ పిల్లకు చీర చేతికిచ్చి, మ్యాచింగ్ సెంటర్ ఆమె ముందు నిలబెట్టి మీరు బయటికి వెళ్లండి. మీరు ఉంటే ఆమె మీ మొహం చూస్తది. ఐదు నిమిషాల తర్వాత లోపలికి వచ్చి ఆ పిల్లను రెండే అడగండి: కావాల్సిన గుడ్డ కొలతతో సహా దొరికిందా, అర్థం కానప్పుడు ఆమె మళ్లీ అడిగిందా, లేక ఊరికే తల ఊపిందా. తల ఊపిందంటే, రెండో నెల మొదటి వారమంతా ఆ నాలుగు సాయం మాటల మీదనే పెట్టండి.