80 వేలు తక్కువకు వచ్చే వెంటోనా, హోండా సిటీనా?

ప్రశ్న: గుంటూరులో ప్రైవేటు కళాశాల అధ్యాపకుడిని. నెలకు చేతికి 68,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఖర్చు 45,000, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్‌కు 5,000 పోతాయి. బ్యాంకులో 6 లక్షలున్నాయి. పెద్దవాళ్లను ఆసుపత్రికి తిప్పడానికి, సెలవుల్లో ఊరికి వెళ్లిరావడానికి పాత సెడాన్ కొనాలనుకుంటున్నాను. నెలకు 700 కిలోమీటర్లు తిరుగుతాం. 2015 నాటి కార్లు రెండు చూశాను. ఒకటి హైదరాబాద్‌లో ఉన్న ఫోక్స్‌వ్యాగన్ వెంటో 1.5 డీజిల్ ఆటోమేటిక్, 92,000 కిలోమీటర్లు తిరిగింది, 4 లక్షలు చెబుతున్నారు. రెండోది మా ఊళ్లోనే ఉన్న హోండా సిటీ పెట్రోల్ మాన్యువల్, 70,000 కిలోమీటర్లు తిరిగింది, 4.8 లక్షలంటున్నారు. వెంటో అయితే 80 వేలు మిగలడమే కాక ఇంధనం ఖర్చు కూడా తగ్గుతుందని మా బావగారి మాట. ఏది కొనమంటారు? అప్పు తీసుకోవాలా, ఉన్న డబ్బు పెట్టేయాలా?

జవాబు: ఇంధనం వరకు చూస్తే మీ బావగారి లెక్క సరైనదే. లీటరు డీజిల్ 97 రూపాయలు, పెట్రోలు 109 రూపాయలు అనుకుని, వెంటో లీటరుకు 16, సిటీ 13 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, మీరు తిరిగే దూరానికి ఏడాదికి సుమారు 19,500 రూపాయలు ఆదా అవుతాయి. నాలుగేళ్లకు అది 78 వేలు. కొనేటప్పుడు తగ్గే 80 వేలు కలిపితే మొత్తం లక్షా 58 వేలవుతుంది. అయితే ఈ డబ్బు మీకు ఊరికే రావడం లేదు. వెంటోలోని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎప్పుడైనా మొండికేస్తే ఆ ఖర్చు కొన్నవాడిదేనని మార్కెట్టు ముందుగానే లెక్కగట్టి తగ్గించిన ధర అది.

ఈ వెంటోలో ఉన్నది డీఎస్‌జీ అనే ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఇందులో నూనెలో మునగని పొడి క్లచ్‌లు రెండు ఉంటాయి. హైవే మీద దీనికి వంక పెట్టలేం. ట్రాఫిక్‌లో అడుగడుగునా ఆగుతూ కదులుతూ వెళ్లేటప్పుడు మాత్రం క్లచ్‌లు వేడెక్కి అరుగుతాయి, ఒకటో గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి వణుకుతుంది. అంతకంటే పెద్ద ఖర్చు మెకట్రానిక్ అనే భాగంతో వస్తుంది. గేర్లను మార్చే హైడ్రాలిక్, ఎలక్ట్రానిక్ వ్యవస్థ మొత్తం అందులోనే ఉంటుంది. అది పాడైతే డ్యాష్‌బోర్డు మీద గేరు సూచిక మిణుకుమిణుకుమని, కారు ఉన్నచోటే ఆగిపోవచ్చు. పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకువెళ్లే బండి విషయంలో ఇది డబ్బుతో మాత్రమే తేలే సంగతి కాదు. కంపెనీ సర్వీసు కేంద్రంలో క్లచ్‌ల మార్పిడికి లక్ష, మెకట్రానిక్‌కు లక్షన్నర పైన పక్కన పెట్టుకోవాలని నేను చెబుతాను. బయట తక్కువకు బాగుచేసేవారు లేకపోలేదు గానీ, ఈ పని నిజంగా తెలిసినవారు అరుదు. దీనికి తోడు ఈ డీజిల్ ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసేది టైమింగ్ చెయిన్ కాక బెల్టు. నడుస్తుండగా అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ దెబ్బతింటుంది. 92,000 కిలోమీటర్లు తిరిగిన బండికి బెల్టు మార్చినట్టు బిల్లు చూపించకపోతే, కొన్న నెలలోనే వాటర్ పంపుతో సహా మార్పించి పాతిక ముప్పై వేలు పెట్టాల్సి వస్తుంది. మెకట్రానిక్ ఒక్కసారి పోయినా, బెల్టు ఖర్చు కలిపితే మీ బావగారు చూపిన ఆదా అంతా అక్కడితో సరి.

తెలంగాణ నంబరు కారు అనే మరో చిక్కు ఉంది. దాన్ని గుంటూరులో శాశ్వతంగా ఉంచుకోవాలంటే అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చి, ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ రిజిస్టర్ చేయించి, జీవితకాల పన్ను కట్టాలి. ఆ పన్నును మీరు కొన్న 4 లక్షల మీద కాక, కారు కొత్తలో ఉన్న ధరను, దాని వయసును బట్టి లెక్కిస్తారు. రవాణా శాఖ కార్యాలయంలో ఈ మొత్తం ఎంతో ముందే కనుక్కోండి. 80 వేల తేడా ఒక్క ఈ పద్దులోనే చాలావరకు కరిగిపోతే నేను ఆశ్చర్యపోను.

అందుకే నా ఓటు సిటీకే. అలాగని దానికి ఖర్చులు ఉండవని కాదు. పదేళ్ల సిటీలో ముందుగా చూడాల్సింది ఏసీ. కూలింగ్ కాయిల్ లీకైతే డ్యాష్‌బోర్డు విప్పాలి కాబట్టి 15 నుంచి 20 వేలు అవుతుంది. మన రోడ్ల మీద లింక్ రాడ్లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు వంటి సస్పెన్షన్ భాగాలు అరగడం మామూలే, మొత్తంగా మార్పిస్తే 30 వేలు దాటుతుంది. క్లచ్ పెడల్ బాగా పైకి వచ్చాక గాని బండి కదలకపోతే, ఆ పనికి 15 వేలు ధరలోంచే తగ్గించమని అడగండి. నాలుగు టైర్లకు పాతిక వేలు అనుకోండి. పెట్రోలు ఇంజిన్‌కు చెయిన్ కాబట్టి వేళకు ఆయిల్ మార్చిన బండి అయితే భయం లేదు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే ఖర్చులు, గుంటూరులో ఏ మంచి మెకానిక్కైనా చేయగల పనులు. ఒక్క దెబ్బలో లక్షన్నర అడిగే భాగం మాన్యువల్ సిటీలో మామూలుగా ఎదురుకాదు.

డబ్బు సంగతికి వస్తే, ఆరు నెలల ఇంటి ఖర్చు కింద 2.7 లక్షలను ముట్టుకోవద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ విషయంలో నేను మెత్తబడను. మిగిలిన 3.3 లక్షలు కారుకు పెట్టవచ్చు. బేరమాడితే సిటీ 4.6 లక్షలకు వస్తుందనుకుందాం. బదిలీ, బీమా, తొలి మరమ్మతులకు 50 వేలు కలిపితే 5.1 లక్షలవుతుంది. అంటే 2 లక్షల లోపు అప్పు సరిపోతుంది. పాత కారు అప్పుకు కొత్త కారు అప్పు కంటే వడ్డీ ఎక్కువ. 13 శాతానికి మూడేళ్లకు 2 లక్షలు తీసుకుంటే నెల వాయిదా సుమారు 6,740, మొత్తం వడ్డీ 42,600 రూపాయలు. వాయిదా తగ్గుతుందని అయిదేళ్లకు పెంచుకోవద్దు, వయసు మీరిన కారు మీద పొడవాటి అప్పు ఉండకూడదు.

ఇంటి ఖర్చు తీశాక మీకు మిగిలే 23,000లో వాయిదా పోగా, పెట్రోలుకు 5,900, బీమాకు 1,000, మరమ్మతుల నిధికి 3,000 పోతాయి. సిప్ 5,000 ఆపకుండానే ఇవి ఇముడుతాయి గానీ చేతిలో మిగిలేది వెయ్యీ పదిహేను వందలే. మరమ్మతుల నిధిని వేరే ఖాతాలో రికరింగ్ డిపాజిట్‌గా వేయండి. ఏడాదికి 36 వేలు జమ అవుతాయి కాబట్టి సస్పెన్షన్ పని వచ్చినా క్రెడిట్ కార్డు తీయక్కర్లేదు. ఇంత బిగువుగా బతకడం ఇష్టం లేకపోతే ఆరు నెలలు ఆగి అప్పును సగానికి తగ్గించుకోండి, మార్కెట్లో సిటీలు దొరకకుండా పోవు.

కొనే ముందు మీకు తెలిసిన మెకానిక్‌కు రెండు మూడు వేలిచ్చి బండిని లిఫ్ట్ మీద చూపించండి. ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. అమ్మేవారికి ఉన్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది యజమానిదే తప్ప కారుది కాదు. అందువల్ల బీమా ప్రీమియాన్ని బోనస్ లేకుండానే లెక్కవేసుకోండి. యాజమాన్యం మారిన 14 రోజుల్లో బీమాను మీ పేరుకు మార్పించండి. ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఇంకా ఉంటే, అప్పు తీరినట్టు ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 అమ్మేవారు తెచ్చేదాకా బయానాకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.