గోదావరి ఆర్చ్ బ్రిడ్జి కట్టిన హెచ్‌సీసీకి అప్పులెందుకు పెరిగాయి?

హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ (హెచ్‌సీసీ) చరిత్ర ఏమిటి, ఇన్ని పెద్ద పనులు చేసిన సంస్థ అప్పుల్లో ఎలా పడింది అని అడిగారు. చాలామంది పుణె దగ్గర ఆ కంపెనీ తలపెట్టిన కొత్త నగరం లావాసా పేరు చెప్పి ఊరుకుంటారు. అది సగం జవాబే. మిగతా సగం కాంట్రాక్టు పనిలో బిల్లు ఎలా నడుస్తుందో తెలిస్తేనే అర్థమవుతుంది.

కంపెనీని 1926లో వాల్‌చంద్ హీరాచంద్ పెట్టారు. భోర్ ఘాట్ రైలు సొరంగాల పనితో ఆయనకు పేరొచ్చింది. 1941లో విశాఖపట్నంలో ఓడల కార్ఖానాకు పునాది వేయించిందీ ఆయనే, సింధియా స్టీమ్ నావిగేషన్ తరఫున. 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించిన 'జల ఉష' అక్కడ తయారైందే. ఆ కార్ఖానాయే ఇప్పటి హిందూస్థాన్ షిప్‌యార్డ్. పేరులో హిందూస్థాన్ ఉంది కదా అని దాన్నీ హెచ్‌సీసీనీ కలిపేయకండి, షిప్‌యార్డ్ ప్రభుత్వానిది. స్వాతంత్ర్యం తర్వాత హెచ్‌సీసీ చేసిన వాటిలో గంగ మీది ఫరక్కా బ్యారేజీ, కేరళలో దాదాపు 169 మీటర్ల ఎత్తున్న ఇడుక్కి ఆర్చ్ డ్యామ్ ముఖ్యమైనవి.

మనవాళ్లకు బాగా తెలిసింది రాజమండ్రి దగ్గర 1991–97 మధ్య కట్టిన రైలు వంతెన. పాత హేవ్‌లాక్ బ్రిడ్జి బదులు వచ్చింది. 97.55 మీటర్ల స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) 28, అన్నీ కాంక్రీటు బోస్ట్రింగ్ ఆర్చ్‌లు. ఈ పద్ధతిలో ఆర్చ్ కాళ్లు బయటికి తన్నే బలాన్ని కిందున్న గర్డరే పట్టి ఉంచుతుంది కాబట్టి పియర్ (వంతెన స్తంభం) మీదికి ప్రధానంగా నిలువు బరువే వస్తుంది. ఇసుక నదిలో అది పెద్ద వెసులుబాటు.

అసలు ఇసుక నదిలో డబ్బు తినేది పైన కనిపించే ఆర్చ్ కాదు, పునాది. బావి పునాది (నదిలోకి దింపే బోలు కాంక్రీటు బావి) దింపేటప్పుడు అడుగున నేలను కోసే ఉక్కు కటింగ్ ఎడ్జ్, దాని మీద స్టైనింగ్ అనే బావి గోడ కడుతూ లోపలి ఇసుకను క్రేన్‌కు వేలాడే గ్రాబ్‌తో తోడతారు. ఒకవైపు ఎక్కువ తోడితే బావి వాలుతుంది. రోడ్డు వంతెనల కోడ్ 80కి 1 కంటే ఎక్కువ వాలు, 150 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ జరుగుడు ఒప్పుకోదు. గట్టి బంకమన్ను తగిలితే బావి కదలదు. బరువు పెట్టినా దిగలేదని లోపలి నీళ్లు తోడితే బయటి ఇసుక ఒక్కసారిగా లోపలికి ఎగదన్నుకొస్తుంది, బావి అడుగులకు అడుగులు దిగిపోతుంది. దాన్ని నిలువుకు తేవడానికి వారాలు పోతాయి. టెండరులో చూపిన బోరు లాగుకూ (బోరు వేసి రాసిన నేల పొరల వివరానికీ) నదిలో తగిలిన నేలకూ తేడా వస్తే ఆ వారాల ఖర్చు ఎవరిదనే దగ్గర తగాదా మొదలవుతుంది.

ఇక డబ్బు సంగతి. కాంట్రాక్టరుకు మొదట పని మొదలుపెట్టుకోవడానికి మొబిలైజేషన్ అడ్వాన్స్ వస్తుంది, దానికి బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. తర్వాత కొలతలు ఎంబీలో (కొలతల పుస్తకంలో) ఎక్కితే, అప్పటిదాకా జరిగిన పనికి రన్నింగ్ బిల్లు. అందులోంచి అడ్వాన్స్ రికవరీ, రిటెన్షన్ (హామీగా ఆపి ఉంచే సొమ్ము) కోతపడతాయి. స్థలం అప్పగించకపోయినా, డ్రాయింగ్ మారినా పని ఆగుతుంది కానీ క్రేన్ల అద్దె, జీతాలు, బ్యాంకు వడ్డీ ఆగవు. బాంద్రా–వర్లీ సీ లింక్ చూడండి. ఐదేళ్లలో అవుతుందన్న పని కోర్టు కేసులు, డిజైన్ మార్పుల మధ్య 2009కి గానీ తెరుచుకోలేదు. 660 కోట్ల అంచనా 1,600 కోట్ల దాకా పోయింది. ఇలా పెరిగిన ఖర్చును కంపెనీలు క్లెయిమ్‌గా అడుగుతాయి, అది ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి విచారణకు) పోతుంది.

అక్కడ గెలిచినా డబ్బు చేతికి వచ్చేది కాదు. 1996 ఆర్బిట్రేషన్ చట్టంలో సెక్షన్ 34 కింద అవార్డును (మధ్యవర్తి తీర్పును) సవాలు చేస్తూ పిటిషన్ వేస్తే చాలు, అమలు దానంతట అదే ఆగిపోయేది. 2015 అక్టోబరు 23 నుంచి అమలైన సవరణ స్టే విడిగా అడగాలంది. 2016లో కేంద్రం, బ్యాంకు గ్యారంటీ తీసుకుని అవార్డు మొత్తంలో 75 శాతం చెల్లించమని ప్రభుత్వ సంస్థలకు చెప్పింది. 2019లో సెక్షన్ 87 తెచ్చి పాత కేసులకు మళ్లీ ఆటోమేటిక్ స్టే పెట్టారు. హెచ్‌సీసీయే సుప్రీంకోర్టుకు వెళ్లి, అదే ఏడాది నవంబరు 27న ఆ సెక్షన్‌ను కొట్టివేయించింది. ఆ కేసులో కంపెనీ మొర న్యాయమైనదే: తాను లక్ష రూపాయలు బాకీ పడ్డ సప్లయర్ కూడా అప్పటి దివాలా చట్టం కింద తనను ట్రైబ్యునల్‌కు ఈడ్చగలిగేవాడు, తనకు కోట్లు బాకీ ఉన్న జాతీయ రహదారుల సంస్థను మాత్రం తాను అలా ఈడ్చే వీలు లేదు.

అలాగని యాజమాన్యం తప్పు లేదనను. రావలసింది ఇరుక్కుని ఉండగా, పుణె దగ్గర కొండల్లో లావాసా నగరం కట్టడానికి అప్పు తెచ్చారు. ఇళ్లు అమ్ముడైతేనే ఆ అప్పు తీరుతుంది. 2010లో పర్యావరణ శాఖ పని ఆపమంది, అమ్మకాలు పడిపోయాయి, వడ్డీ మాత్రం నడిచింది. 2018లో లావాసా దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కాంట్రాక్టు పనిలో వచ్చే పలచటి లాభం రియల్ ఎస్టేట్ వడ్డీని మోయలేదు.

మీరు సైట్‌లో పనిచేసేవారైతే ఇందులోంచి పనికొచ్చేది ఒకటుంది. క్లెయిమ్ గెలిచేది వాదనతో కాదు, కాగితంతో. హిండ్రెన్స్ రిజిస్టరులో (అడ్డంకులు నమోదు చేసే పుస్తకంలో) పని ఆగిన తేదీ, కారణం రాసి ఇంజనీరు సంతకం అప్పటికప్పుడే తీసుకోండి. 1999 నాటి ఫిడిక్ (అంతర్జాతీయ ఇంజనీర్ల సమాఖ్య) నమూనా కాంట్రాక్టయితే సంగతి తెలిసిన 28 రోజుల్లో నోటీసు వెళ్లాలి. దాటితే క్లెయిమే పోవచ్చు. షేర్లు కొనే ఉద్దేశంతో అడిగి ఉంటే ఆర్డర్ బుక్ (చేతిలో ఉన్న పనుల మొత్తం) చూసి మురిసిపోకండి. వార్షిక నివేదికలో ట్రేడ్ రిసీవబుల్స్ (బిల్లు వేసినా రాని బాకీలు), ఇంకా బిల్లు వేయని ఆదాయం ఎంతుందో, అందులో వివాదంలో ఉన్నది ఎంతో ఆడిటర్ నోట్లలో వెతకండి.