సోమశిల కట్ట తెగిందన్న వీడియో గురించి

పెన్నా నది మీది సోమశిల జలాశయం కట్ట తెగిందన్న వీడియో చూసి, నెల్లూరు దగ్గర కోవూరులో ఉన్న మీ అమ్మగారు రాత్రంతా నిద్రపోలేదని రాశారు. అందులో కొట్టుకుపోతున్నది మట్టికట్ట అని, తేదీ ఎక్కడా లేదని మీరే చెప్పారు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ముసురు పట్టినప్పుడల్లా పాత దృశ్యాలు కొత్త పేరుతో తిరుగుతాయి. ఇదీ ఆ బాపతేనని నా అనుమానం. వీడియోను ఆపి, స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాతదైతే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

అయితే భయమంతా వట్టిదని అమ్మగారితో అనకండి. ఆ 2021 నవంబరులోనే పెన్నా పొంగి, కోవూరు పక్కనున్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. ఆమె కళ్లారా చూసే ఉంటారు. సోమశిల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటనల్లో చూసి చెప్పండి, లేదా 1070కి ఫోను చేయండి. వాన సంగతికి వాతావరణ శాఖ అమరావతి కేంద్రం. పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార కార్యాలయం) ఫ్యాక్ట్‌చెక్‌కు పంపానన్నారు కదా, అది కేంద్ర ప్రభుత్వ విషయాలే చూస్తుంది. ఊళ్లో సచివాలయంలో అడిగితే అంతకంటే త్వరగా తేలుతుంది.

వీడియో పంపిన బంధువుకు మాత్రం విడిగా రాయండి. గ్రూపులో నిలదీస్తే పౌరుషానికి ఇంకొకటి పంపుతారు.