కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాల ఫోటోలు అన్నీ ఒకేలా ఎందుకు వస్తున్నాయి?

మీ బాధ నాకు బాగా తెలిసిందే. కార్తీక పౌర్ణమికి సూర్యలంక వెళ్ళి మూడొందల ఫోటోలు తీశానని, ఏదీ చెడిపోలేదని, అయినా చూసినవాళ్ళు "బాగున్నాయి" అని వేలితో పక్కకి నెట్టేస్తున్నారని రాశారు. చూసినవాళ్ళు ఆగిపోయే ఫోటోలో ఏముంటుందని అడిగారు.

నేను ఫోటోగ్రాఫర్‌ని కాను. మాది బాపట్ల, అక్కడికి సూర్యలంక 9 కిలోమీటర్లు. ఊళ్ళో ఉంటే ప్రతి కార్తీకంలోనూ తెల్లవారుజామునే బండి మీద వెళ్తాను. మొదటి మూడు నాలుగేళ్ళు నేను తీసిందీ మీరు తీసిందే: ఎర్రటి సూర్యుడు, ఎదురుగా నల్లగా మనిషి ఆకారం, దోసిలి, అందులోంచి జారే అర్ఘ్యం నీళ్ళు. తీసిన ప్రతిసారీ మురిసిపోయేవాణ్ణి. కానీ ఆ బొమ్మ మనం పుట్టకముందు నుంచీ క్యాలెండర్ల మీద ఉంది. చూడగానే మొత్తం తెలిసిపోతుంది. తెలిసిపోయాక ఇంకా చూడ్డానికేముంది?

నా ఫోటోల్లో మొదటిసారి జనం ఆగి చూసింది ఒక సంచుల పెద్దాయన ఫోటో. ఇంటిల్లిపాదీ నీళ్ళలో ఉన్నారు. ఆయనొక్కరే ఒడ్డున. రెండు భుజాలకీ కలిపి నాలుగు హ్యాండ్‌బ్యాగులు, మెడలో తువ్వాళ్ళు, కాళ్ళ చుట్టూ చెప్పుల కుప్ప, చేతిలో ఎవరెవరివో మూడు కళ్ళజోళ్ళు. సూర్యుడు పైకొచ్చేసరికి అందరితో పాటు ఆయనా దణ్ణం పెట్టబోయారు. చేతులు పూర్తిగా కలవలేదు, మధ్యలో కళ్ళజోళ్ళున్నాయి మరి. నా ఫోటోలో సూర్యుడు లేడు. ఆ అద్దాల మీద పడ్డ ఎరుపే ఉంది. ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే, ఎప్పుడూ ఏమీ రాయని మా బాబాయి "ఎవర్రా ఆయన? ఆయన స్నానం చెయ్యరా?" అని అడిగాడు.

నాకు ఫోటో గురించి తెలిసినదంతా ఆ "చెయ్యరా?" దగ్గర మొదలైంది. చూసేవాడి మనసులో ఒక ప్రశ్న పుట్టాలి, జవాబు వెతుక్కోవడానికి కావలసిన ఆనవాళ్ళు మాత్రం ఫోటోలోనే ఉండాలి. ఈ రెండో మాట మరిచిపోయి నేను ఒక ఏడాదంతా పాడుచేసుకున్నాను. కొత్తగా ఉండాలని నురగలో మునిగిన పాదాలు, తడి ఇసుకలో సగం చెయ్యి, వంకర కోణాలు తీశాను. ఎవరూ ఏమీ అడగలేదు. అర్థం కాకపోవడం వేరు, తెలుసుకోవాలనిపించడం వేరు.

అలాంటి ఘట్టాలు దొరకాలంటే ముందు ఆ పూజ ఎలా సాగుతుందో తెలియాలి. రావిచెట్టును శనివారం, సముద్రాన్ని పర్వదినాల్లో మాత్రమే తాకాలని పెద్దవాళ్ళు అంటారు. అందుకే మామూలు రోజు కాళ్ళు తడుపుకుని వెళ్ళేవాళ్ళు కూడా పౌర్ణమినాడు తలస్నానానికి వస్తారు. ఇసుక వేస్తే రాలనంత జనం, అదీ ఇసుక మీదే! సంకల్పం చెప్పుకోవడం, మూడు మునకలు, అర్ఘ్యం, ఒడ్డుకొచ్చాక ఇసుకతో గౌరమ్మనో శివలింగాన్నో చేసి పసుపు, కుంకుమ వేయడం, దీపాలు. ఒక్కో ఇంటివాళ్ళది ఒక్కో వరస. ఒక కుటుంబాన్ని ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా చూస్తే, తర్వాత ఏం జరగబోతోందో మీకు ముందే తెలుస్తుంది, అక్కడికి వెళ్ళి నిలబడొచ్చు. మూడొందల ఫోటోల కోసం ఒడ్డంతా పరుగులు పెడితే ఇది దొరకదు.

దీపాల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే సముద్రం దగ్గర అసలు కథ అక్కడే ఉంది. నదిలో అరటి దొప్పలో దీపం వదిలితే ప్రవాహం తీసుకుపోతుంది. సముద్రం అలా కాదు, అల దాన్ని మళ్ళీ మీ కాళ్ళ దగ్గరికే తెచ్చి పడేస్తుంది. ఇక ఆ గాలి! 365 వత్తుల కట్టను నేతిలో తడిపి తెచ్చినా అగ్గిపుల్ల నిలవదు. అందుకని ఇసుకలో గుంట తవ్వి ప్రమిద అందులో పెడతారు, చుట్టూ నలుగురు కొంగులు అడ్డం పడతారు. వెలుగు కింది నుంచి, గుంటలోంచి వస్తుంది. గడ్డాలు, ముక్కుపుడకలు, గాజులు వెలుగుతాయి, కళ్ళు చీకట్లో ఉంటాయి. వాళ్ళంతా వంగి ఏం చూస్తున్నారో ఫోటోలో కనపడదు, కానీ వెలుగు చెప్పేస్తుంది. ఇంకోసారి ఒకావిడ వదిలిన దొప్ప మూడుసార్లు వెనక్కి వచ్చింది. నాలుగోసారి ఆవిడ నడుము మీద చెయ్యి వేసుకుని, మొండి పిల్లాణ్ణి చూసినట్టు సముద్రాన్ని చూసింది. భక్తి ఫోటో తీద్దామని వెళ్ళిన నాకు ఆ చూపు దొరికింది.

మీ ఫోటోలు కొన్ని చూశాను. మీరు ఫ్రేమ్‌లోంచి శ్రద్ధగా కత్తిరించేసినవే నాకు కావాలనిపించింది. ఈల ఊదే పోలీసాయన, గజ ఈతగాళ్ళ తాడు, మొక్కజొన్న పొత్తుల బండి, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు స్తంభం. ఇవన్నీ పవిత్రతకి అడ్డం అనుకుంటాం. దణ్ణం పెడుతున్న వంద చేతుల మధ్య ఈల నోట్లో పెట్టుకుని చెయ్యి చాపిన పోలీసు ఉంటే, కన్ను ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక ఆగుతుంది.

సాంకేతికం కొంచెమే చెప్తాను. కార్తీకంలో మాకు సూర్యోదయం సుమారు ఆరుంబావుకి. అంతకు అరగంట ముందు నుంచి ఆకాశం నీలంగా ఉండి, దీపం వెలుగూ ఆకాశం వెలుగూ ఒకదాన్నొకటి మింగేయకుండా ఉంటాయి. దానికి ముందే ఒక కుటుంబాన్ని ఎంచుకుని చూడ్డానికి టైం ఉండాలి కాబట్టి నాలుగున్నరకల్లా అక్కడుండండి. ఫోన్ అయితే తెర మీద దీపం దగ్గర తాకి, వెలుగు కాస్త కిందికి లాగండి. దానంతట దానికి వదిలేస్తే రాత్రిని పగలు చేసేస్తుంది. అర్ఘ్యం చుక్కలు గాల్లో ఆగాలంటే 1/1000 షట్టర్, అంటే సెకనులో వెయ్యో వంతు, సరిపోతుంది. కదలకుండా నిలబడ్డ మనిషి చుట్టూ అల కాస్త చెదిరి కదులుతున్నట్టు కనపడాలంటే 1/15, కానీ చేతులు వణక్కూడదు. ఒక ఏడాది బావగారి కారులో ఏసీ వేసుకుని వెళ్ళాం. కెమెరా బయటికి తీయగానే లెన్స్ మీద ఆవిరి పట్టి పది నిమిషాలు ఏమీ కనపడలేదు. ఆ పది నిమిషాల్లోనే నీలం పోయింది. ఉప్పు తుంపరని పొడిగుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. కొంచెం మంచినీళ్ళతో తడిపిన మెత్తటి గుడ్డతో అద్దండి. ఇసుకలో లెన్స్ మార్చడం గురించి అడగొద్దు, ఆ ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఇంకొకటి. తడిబట్టల్లో ఉన్న ఆడవాళ్ళను నేను తీయను, ఎంత గొప్ప వెలుగున్నా. పితృకర్మ చేసుకునేవాళ్ళను అడగకుండా తీయను. ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. ఒకసారి తర్పణం వదులుతున్న ఒకాయన్ని దూరం నుంచి జూమ్ చేసి తీశాను. వాళ్ళమ్మాయి చూసి నా దగ్గరికి వచ్చి, "మా అమ్మ పోయి నెల కూడా కాలేదండీ" అంది. ఇంకేమీ అనలేదు. ఆమె ఎదురుగానే ఆ ఫోటో తొలగించాను. ఫోటో బాగానే వచ్చింది, అది ఒప్పుకోవాలి. అయినా దాని గురించి బాధ లేదు. అప్పటి నుంచి జూమ్ లెన్స్ ఇంట్లోనే ఉంటోంది. దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాగని 35 ఎం.ఎం. లెన్స్‌తో మనిషికి దగ్గరగా వెళ్ళక తప్పదు, వెళ్తే పలకరించక తప్పదు.

ఆ సంచుల పెద్దాయన్ని కూడా అలాగే పలకరించాను. ఫోటో చూపించాను, నవ్వారు. తర్వాత, "బాబూ, ఒక్క పదినిమిషాలు ఇవి పట్టుకుంటావా? నేనూ ఒక్క మునక వేసొస్తా" అన్నారు. నాలుగు బ్యాగులూ నా భుజాల మీదికి మారాయి, కళ్ళజోళ్ళు నా చేతిలోకి. పది నిమిషాలు అరగంట అయింది. ఎదురుగా ఎవరో చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని మొదటి మునక వేయిస్తున్నారు, వాడు కెవ్వున ఏడుస్తున్నాడు, వెనక పెద్ద అల లేస్తోంది. కెమెరా నా మెడలోనే ఉంది. చేతులే ఖాళీగా లేవు.