టెక్సాస్‌లో రెంటు ఆలస్యమైతే లేట్ ఫీ ఎంతవరకు వెయ్యొచ్చు?

డల్లాస్ దగ్గర పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్, రెంటు 1,500 డాలర్లు, ఒకటో తారీకు గడువు, మీరు మూడున కట్టారు, అయినా 120 డాలర్ల లేట్ ఫీ వేశారు. ఇది చెల్లుతుందా అన్నది మీ ప్రశ్న. చెల్లదు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్‌లో 92.019 సెక్షన్ చూడండి. గడువు తేదీ తర్వాత రెండు పూర్తి రోజులు గడిచినా రెంటు బాకీ ఉంటేనే లేట్ ఫీ. ఒకటో తారీకు గడువైతే రెండు, మూడు తారీకులు మీవే. నాలుగో తారీకు వచ్చాకే వాళ్ళు ఫీజు మాట ఎత్తాలి. లీజులో "రెండో తారీకు నుంచే" అని రాసి మీ చేత సంతకం పెట్టించుకున్నా లాభం లేదు, అలాంటి షరతు చెల్లదని అదే సెక్షన్‌లో ఉంది. అలాగే లేట్ ఫీ సంగతి రాతపూర్వక లీజులో లేకపోతే అసలు వసూలు చెయ్యడానికే వీల్లేదు. ఒక్క జాగ్రత్త: మూడున పోర్టల్‌లో (అపార్ట్‌మెంట్ వాళ్ళ ఆన్‌లైన్ సైటులో) పంపిన పేమెంటు ఖాతాలో డబ్బు లేక తిరిగొస్తే, మీరు కట్టనట్టే.

ఇక ఎంత అన్నది. 2019 నుంచి లెక్క ఇదీ: నాలుగు యూనిట్లకు (వాటాలకు) మించని బిల్డింగైతే నెల రెంటులో 12 శాతం, అంతకన్నా పెద్దదైతే 10 శాతం దాకా సమంజసమే. మీ రెంటుకు ఆ గీత 150 డాలర్లు. మొదటి రోజు ఫీజు, ఆ తర్వాత రోజువారీ ఫీజు కలిపి ఒకే ఫీజు కింద లెక్క. 75 వేసి, ఆపైన రోజుకు పది చొప్పున పెంచుకుంటూ పోతే ఎనిమిదో రోజుకే 155 అయి గీత దాటుతుంది. గీత దాటి తీసుకోవాలంటే, మీ ఆలస్యం వల్ల తమకు అంత ఖర్చో నష్టమో ఉందని వాళ్ళు చూపించగలగాలి. "సిస్టమ్‌లో అలాగే సెట్ అయి ఉంది" అంటే అది నష్టం కాదు.

మన వాట్సాప్ గ్రూపుల్లో "అయిదు శాతం దాటకూడదు, అయిదు రోజులు ఆగాలి" అని ధీమాగా చెప్పేస్తుంటారు. అది న్యూయార్క్ రూలు: అయిదు రోజులు దాటాక, 50 డాలర్లు లేదా రెంటులో 5 శాతం, ఏది తక్కువైతే అది. నార్త్ కరొలైనాలోనూ అయిదు రోజులే, కానీ అక్కడ 15 డాలర్లు లేదా 5 శాతంలో ఏది ఎక్కువైతే అది. టెక్సాస్‌లో ఉంటూ ఈ మాటలు నమ్మి అయిదో తారీకు దాకా ఆగకండి.

అసలు దెబ్బ ఫీజు మొత్తంలో లేదు, జమ వేసుకునే వరసలో ఉంది. వచ్చిన డబ్బును ముందు ఫీజులకు, నీళ్ళ బిల్లుకు సర్దుకుని మిగిలింది రెంటుకు జమ వేసుకుంటామని చాలా లీజుల్లో ఉంటుంది. మార్చిలో 150 ఫీజు పడింది, మీరు ఒప్పుకోక వదిలేశారనుకుందాం. ఏప్రిల్ ఒకటిన ఠంచనుగా 1,500 కట్టారు. లెడ్జర్‌లో, అంటే మీ పేరు మీద వాళ్ళు రాసుకునే జమాఖర్చుల లెక్కలో, 150 పాత ఫీజుకు పోయి, రెంటుకు 1,350 మాత్రమే జమ అవుతుంది. నాలుగో తారీకు రాగానే "రెంటు బాకీ 150" అని కొత్త లేట్ ఫీ. ఆ పది శాతం మీరు తక్కువ కట్టిన మొత్తం మీద కాదు, నెల రెంటు మొత్తం మీద. ఇరవై డాలర్లు తక్కువైనా 150 దాకా వెయ్యొచ్చు. మే నెలలో మళ్ళీ ఇదే. అందుకే గొడవ ఉన్న ఫీజును ఎగ్గొట్టి పోరాడకండి. "అభ్యంతరంతో కడుతున్నాను, తిరిగి అడిగే హక్కు నాదే" అని ఈమెయిల్ పెట్టి, కట్టేసి, అప్పుడు అడగండి.

రూమ్మేట్ల సంగతీ చెప్పాలి. నలుగురు ఒకే లీజు మీద ఉండి, ఎవరి వాటా వాళ్ళు పోర్టల్‌లో కట్టడం మనవాళ్ళకు మహా అలవాటు. ఒకడు "జీతం పడలేదు మామా" అని నాలుగో తారీకు దాకా సాగదీస్తే ఫీజు ఫ్లాట్ మొత్తం మీద పడుతుంది. లీజులో అందరూ ఉమ్మడి బాధ్యులని ఉంటే, అతను తప్పు చేశాడన్న వాదన ఆఫీసులో వినరు. నెలాఖరుకు మూడు రోజుల ముందే డబ్బులన్నీ ఒకరి ఖాతాలోకి చేర్చి, ఒకే పేమెంటుగా కట్టండి.

మీ విషయంలో, ముందు లెడ్జర్ అడగండి. తర్వాత "నేను లేట్ ఫీ బాకీ ఉన్నానా, ఉంటే ఎంత" అని రాతలో అడగండి. అడిగితే రాసిచ్చే బాధ్యత వాళ్ళకు ఉంది. లీజు విషయాలు ఇదివరకు ఈమెయిల్‌లో మాట్లాడుకుని ఉంటే ఈమెయిలే చాలు. జవాబు రాలేదని నిజంగా ఉన్న బాకీ మాత్రం పోదు. మూడో తారీకు పేమెంటు రసీదు జతచేసి 120 తిరిగి ఇవ్వమనండి. ఈ సెక్షన్‌కు విరుద్ధంగా ఫీజు వసూలు చేసిన ఓనరు 100 డాలర్లు, దానిపైన ఆ ఫీజుకు మూడు రెట్లు, లాయరు ఖర్చులు ఇచ్చుకోవాలి. మీ లెక్కన 460 డాలర్లు, లాయరు ఖర్చు కాక. ఈ అంకె ఉత్తరంలోనే వేసి రాయండి. కదలకపోతే చిన్న కేసులు చూసే జస్టిస్ కోర్టు ఉంది, 20,000 డాలర్ల దాకా కేసులు అక్కడ వెయ్యొచ్చు, లాయరు అక్కర్లేదు. లీజు, లెడ్జర్, రసీదు, ఈమెయిళ్ళు ప్రింటు తీసి పట్టుకెళ్ళండి.